అంకుల్ గారి వేటకుక్కకు నేను చెప్పిన చదువు

ఆ రోజుల్లో సింగపూర్‌లో కొత్తగా దిగిన తెలుగు కుర్రాళ్ళకు రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి సోమవారం నుంచి శుక్రవారం దాకా కంపెనీకి చేసేది, దానికి జీతం వచ్చేది. రెండోది శని, ఆదివారాల్లో ఎవరో ఒక అంకుల్‌కి చేసేది, దానికి భోజనం పెట్టేవారు. మనకంటే ముందు ఈ ఊరొచ్చి, మనకంటే పెద్ద ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగువాడూ మనకు అంకులే. ఆయన సోఫా జరపమంటే జరిపేవాళ్ళం, కొడుక్కి లెక్కలు చెప్పమంటే చెప్పేవాళ్ళం, వ్రతానికి మామిడాకులు వెతికి తెమ్మంటే తెచ్చేవాళ్ళం. "కుదరదండీ" అనే మాట మా నోటికి అప్పటికింకా అలవాటు కాలేదు. ఇప్పటి పిల్లలు మొదటి వారంలోనే అనేస్తున్నారు. వాళ్ళను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కాస్త కడుపు మండుతుంది కూడా. నా మొదటి ఉద్యోగం గురించి ఎవరడిగినా వాల్వుల కంపెనీలో చేశానని చెప్తాను. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ ఏడాది వాల్వుల కోసం ఖర్చు పెట్టిన బుర్ర కంటే ఒక కుక్క కోసం ఖర్చు పెట్టిన బుర్ర ఎక్కువ. (పెళ్ళిచూపుల్లో ఈ ముక్క దాచాను. పెళ్ళయ్యాక చెప్తే మా ఆవిడ, "అందుకేనా నన్ను కూడా ఊరికే ఆగు, ఆగు అంటుంటారు?" అంది.)

మా ఆఫీసు పాయా లేబర్‌లో, రైలు దిగి రోడ్డు దాటితే వచ్చే ఒక అద్దాల భవనంలో ఉండేది. జురాంగ్ ఐలాండ్‌లోని చమురు, రసాయనాల ప్లాంట్లకు వాల్వులు, గొట్టాల అతుకుల్లో వేసే గాస్కెట్లు సరఫరా చేసేవాళ్ళం. యజమాని తెలుగాయనే. ఆయన వయసు యాభై దాటినా మీసం మాత్రం ముప్పై దగ్గరే ఆగిపోయింది. ఆఫీసులో ఆయన తెలుగు మాట్లాడేవారు కాదు, మేము మాట్లాడినా ఒప్పుకునేవారు కాదు. "దిస్ ఈజ్ నాట్ యువర్ బస్టాండ్ లా" అనేవారు, మాట చివర ఆ 'లా' తగిలించడం ఈ ఊరి అలవాటు. అయినా అందరం ఆయన్ను అంకుల్ అనే పిలవాలి, సర్ అంటే కోపం. ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న, "విచ్ విలేజ్?" అని. నరసరావుపేట దగ్గర పల్లెటూరండీ అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "సో, డాగ్స్, బర్డ్స్, ఆల్ దట్ యూ నో" అన్నారు. అది ప్రశ్నో పొగడ్తో తేల్చుకోలేక తల ఊపాను. నిజానికి కుక్కలతో నాకున్న పరిచయం ఒక్కటే. నాలుగో తరగతిలో ఒక కుక్క నా పిక్క పట్టుకుంటే, పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. అప్పటి నుంచి ఏ కుక్కైనా ప్రేమగా తోక ఊపినా సరే, నా చెయ్యి దానంతటదే బొడ్డు మీదికి పోయేది.

కుక్క వ్యవహారం వెనక ఒక న్యూజిలాండ్ దొర ఉన్నాడు. జురాంగ్ ఐలాండ్‌లో ఒక పెద్ద ప్లాంటుకు ఏ సామాను ఎవరి దగ్గర కొనాలో తేల్చే మనిషి ఆయన. ఏటా మే నెల రాగానే సెలవు పెట్టి తన దేశం వెళ్ళి, అక్కడి గడ్డి కొండల్లో కౌజుపిట్టలను, ఫెజెంట్లనే పొడుగు తోక కోళ్ళను వేటాడేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర అంకుల్‌ని, "నీకు వేట అలవాటుందా?" అని మాటవరసకు అడిగాడట. అంకుల్ మాటవరసకు జవాబు చెప్పే రకం కాదు. "మా వంశమే వేటగాళ్ళ వంశం" అన్నారట. (వాళ్ళ నాన్నగారు పోస్టాఫీసులో స్టాంపులు అమ్మేవారని తర్వాత వాళ్ళావిడ, అంటే మా ఆంటీ, చెప్పారు.) "అయితే వచ్చే మే నెలలో నీ కుక్కను తీసుకుని రా" అన్నాడట దొర. అప్పటికి అంకుల్‌కు కుక్క లేదు, తుపాకీ లేదు. వాల్వుల కాంట్రాక్టు మాత్రం కావాలి. దొర స్నేహితులందరి దగ్గరా పాయింటర్ జాతి కుక్కలుంటాయని విన్నారు. నలుగురితో పాటు అదే కొంటే తన గొప్పేముంది అనిపించిందో ఏమో, లాబ్రడార్లలో కూడా కొన్ని వంశాలు పాయింట్ చేస్తాయని ఎక్కడో చదివి, విదేశం నుంచి ఒక పసుపుపచ్చ లాబ్రడార్‌ను విమానంలో తెప్పించారు.

పాయింట్ చెయ్యడమంటే ఏమిటో నాకూ అప్పుడే తెలిసింది. గడ్డిలో దాక్కున్న పిట్ట వాసన తగలగానే కుక్క దాని మీద పడకూడదు. ముక్కు అటు చాచి, ముందుకాలొకటి ఎత్తి, తోక కర్రలా నిలిపి బొమ్మలా ఉండిపోవాలి. తుపాకీ పట్టిన పెద్దమనిషి తాపీగా నడిచొచ్చి, పిట్టను లేపి కాల్చేదాకా కదలకూడదు. మామూలు లాబ్రడార్‌కు ఈ ఓపిక ఉండదు. పిట్ట వాసన తగిలితే ఉరికి లేపుతుంది, కాల్చాక వెళ్ళి నోట కరిచి తెస్తుంది. ఉరకడం దాని స్వభావం. ఆ స్వభావాన్ని ఆపి నిలబెట్టాలి. ఆ పని నాది.

మొదటి శనివారం అంకుల్ బంగళాకు వెళ్ళాను. తలుపు తీసిన ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా బాబూ కుక్కల స్పెషలిస్టువి? ఇంత పీలగా ఉన్నావేం?" అన్నారు. కుక్కకు వేరే గది, అందులో ఏసీ. (నేనప్పుడు యూ టీ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ముగ్గురితో కలిసి ఉండేవాణ్ణి. మా గదిలో ఫ్యాన్ ఉండేది, అది కూడా నా వైపు తిరిగేది కాదు.) లోపలి నుంచి పెద్ద తలకాయ, గోధుమరంగు కళ్ళు, లోకంలో ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేని మొహం ఒకటి బయటికి వచ్చింది. నా చెయ్యి బొడ్డు మీదికి పోయింది. వాడు వచ్చి ఆ చేతినే నాకాడు.

"పేరు డ్యూక్. దీని బ్లడ్‌లో పాయింటింగ్ ఉంది. నువ్వు జస్ట్ దాన్ని బయటికి తియ్యాలంతే" అన్నారు అంకుల్.

"ఎట్లాగండీ?"

"నెట్‌లో వీడియోలున్నాయి కదా. ఇంజనీర్‌వి కదయ్యా, యూజ్ యువర్ బ్రెయిన్. మే తర్వాత నిన్ను ప్రాజెక్ట్స్‌లో వేస్తా."

ఆ చివరి మాట కోసమే నేను బుర్ర వాడాను. వీడియోల్లో తెల్లవాళ్ళు గాలపు కర్రకు పిట్ట రెక్క కట్టి కుక్కపిల్ల ముందు ఆడించేవారు. సింగపూర్‌లో కోడి ఈకలు కూడా కంటికి కనబడవు, అన్నీ పీకి, కడిగి, ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు. నా గదిలో ఉండే కరీంనగర్ అన్న సాయంత్రమైతే బ్యాడ్మింటన్ తప్ప ఇంకోటి ఎరగడు, అందుకే అందరం అతన్ని షటిల్ అన్న అనేవాళ్ళం. అతని పాత షటిల్ కాక్‌ల ఈకలు విప్పి, కట్టలుగా కట్టి, గాలానికి వేలాడదీశాను. వాసన కోసం సూపర్‌మార్కెట్లో దొరికే ఐసు కౌజుపిట్టలను కొని, కరిగించి, బంగళా వెనక ఖాళీగా పడి ఉన్న సర్కారు గడ్డి స్థలంలో అక్కడక్కడా దాచేవాణ్ణి. పని అయ్యాక వాటిని మళ్ళీ ఏరుకుని, పొడుగు తాడు చుట్టుకుని, గాలం భుజాన వేసుకుని రైల్లో యూ టీకి వచ్చేవాణ్ణి. నేను ఎక్కిన పెట్టెలో నా చుట్టూ ఎప్పుడూ చోటు ఉండేది.

ఇక మాటలు. వీడియోల్లో కుక్కను ఆపడానికి "హో" అనేవారు. నేను అదే అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, తాడుతో సహా నన్ను ఈడ్చుకుంటూ పిట్ట మీదికి పోయాడు. ఇంకోసారి మోకాలు చెక్కుకుపోయినప్పుడు, కడుపులోంచి "ఒరేయ్ ఆగరా!" అని అరుపు వచ్చింది. వాడు టక్కున ఆగాడు. చెవులు నిక్కించి నా వంక చూశాడు. ఆ రోజు నుంచి వాడి చదువంతా తెలుగు మీడియమే. ఆగరా అంటే నిలబడాలి, పద అంటే వెతకాలి, పట్టుకురా అంటే తేవాలి. పేరు మాత్రం అంకుల్ పెట్టిందే, కానీ మా పల్నాటి నోట్లో డ్యూక్ కాస్తా దూకు అయిపోయింది. ఒక ఆదివారం నాతో వచ్చిన షటిల్ అన్న గడ్డిలో కూచుని కాసేపు విని, "ఏందిరా గిది? పేరేమో దూకు, చెప్పుడేమో ఆగు. నువ్వు దూకూ ఆగరా, దూకూ ఆగరా అంటే గా కుక్క ఎట్ల బతుకుతది? మన బాస్‌లు కూడ మనకు గిట్లనే చెప్తరు గదా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, సోమవారం ఆఫీసుకు పోతూ ఆ మాట తలచుకుంటే నాకు నవ్వు రాలేదు.

ఈ చదువులో అవమానాలు లేకపోలేదు. ఆ స్థలం అంచున అడవికోళ్ళు తిరిగేవి. ఒకనాడు వాడు ఒక పుంజును పసిగట్టి బిగుసుకుపోయాడు. నేను తాడు పట్టుకుని వాడి వెనక వంగి నిలబడ్డాను. పొద్దున్నే నడకకు వచ్చిన ఒక చైనీస్ పెద్దాయన మమ్మల్నిద్దరినీ చూసి, చేతికర్ర ఎత్తి, "ఏయ్ బాయ్! దిస్ చికెన్ గవర్నమెంట్ వన్, యూ నో? కెనాట్ క్యాచ్ లా!" అని అరిచాడు. నేను క్యాచ్ చెయ్యడం లేదు అంకుల్, కుక్క ఊరికే చూపిస్తోందంతే అన్నాను. "చూపించడం ఎందుకు? కోడి ఎక్కడుందో నాకూ కనబడుతోందిగా?" అన్నాడాయన. నేను తాడు చుట్టుకుని కుక్కను ఇవతలికి లాగాను. ఆయన ఫోన్ తీసి మా ఫొటో తీసుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వినబడితే అధికారులేమోనని నీరుగారిపోయేవాణ్ణి. వర్క్ పర్మిట్ మీద బతికేవాడికి గవర్నమెంట్ కోడి కంటే గండం ఇంకొకటి లేదు.

అయినా ఒక పొద్దుట వాన వెలిసిన తర్వాత ఒకటి జరిగింది. నేను ఐసు పిట్టలేవీ దాచలేదు. వాడు ఊరికే ముందు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి వాడి ఒళ్ళంతా మారిపోయింది. ముందుకాలు గాల్లో ఆగింది. తోక కదలడం మానేసింది. వెన్ను మీద చర్మం మాత్రం సన్నగా వణుకుతోంది. ఎదురుగా గడ్డి తప్ప ఏమీ లేదు. నేను అరవలేదు, వాడి చెవి దగ్గర "ఆగరా నాయనా" అని మాత్రం అన్నాను. ఉరకాలని వాడి ప్రాణం ఎంత కొట్టుకుంటోందో నా చేతికి తెలుస్తూనే ఉంది. అయినా ఆగాడు, నా మాట కోసం. కాసేపటికి గడ్డిలోంచి ఏదో గోధుమరంగు పిట్ట బుర్రుమని లేచి వెళ్ళిపోయింది. నేను తడి గడ్డిలో కూలబడి వాడి మెడ కావలించుకున్నాను. ఇంటా బయటా నా మాట అంతగా విన్న ప్రాణి అప్పటిదాకా లేదు. ఏడ్చానో లేదో చెప్పను. (వాడు నా మొహమంతా నాకాడు కాబట్టి సాక్ష్యం కూడా లేదు.)

అది తెలిశాక అంకుల్ తన వంతు సాధన మొదలుపెట్టారు. తుపాకీ లేదు కదా, గొడుగు పట్టుకునేవారు. వాడు పాయింట్ చేస్తాడు, నేను పొద వెనక నుంచి షటిల్ కాక్ పైకి విసురుతాను, అంకుల్ గొడుగు భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, నోటితో "ఢాం!" అంటారు. అన్నాక నా వైపు తిరిగి, "తగిలిందా?" అని అడుగుతారు. "తగిలిందండీ" అనేవాణ్ణి. తగల్లేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నిజం తుపాకీ చప్పుడికి కుక్క బెదురుతుందేమోనని నాకు దిగులుగా ఉండేది గానీ, పక్క స్థలంలో కొత్త భవనానికి పునాది స్తంభాలు దించే యంత్రం రోజంతా బాదుతూ ఉండి, వాడికి ఆ భయం లేకుండా చేసింది. వసారాలోంచి చూస్తున్న ఆంటీ, "వీధిలో జనం చూస్తే ఏమనుకుంటారండీ, ఎండలో గొడుగు ముడిచి పట్టుకోవటమేమిటి, ఢాం అనటమేమిటి" అని గొణిగేవారు. నాకు కాఫీ ఇస్తూ, "ఆ కుక్కకి ఉన్నపాటి వినే గుణం ఈయనకుంటే నా బతుకు వేరేగా ఉండేది బాబూ" అనేవారు.

ఏప్రిల్‌లో షటిల్ అన్న నాకో మంచి కబురు తెచ్చాడు. వాళ్ళ ప్లాంటులో సైట్ ఇంజనీర్ ఖాళీ ఉంది, శనివారం పొద్దున్న ఇంటర్వ్యూ, అక్కడి మేనేజరుతో తాను మాట్లాడాడు. నేను అంకుల్ బంగళాకెళ్ళి, శనివారం సొంత పనుంది అన్నాను. "ఈ శనివారం కుదరదు. దొర వీడియోలో డాగ్‌ని చూస్తానన్నాడు. నువ్వు లేకపోతే అది నిలబడదు" అన్నారాయన. నేను కదలకుండా ఉండటం చూసి భుజం మీద చెయ్యి వేసి, "మే తర్వాత నువ్వు ప్రాజెక్ట్స్ మేనేజర్‌వి. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. ఉంది. అదే నా జబ్బు. ఆ శనివారం దొర ఫోన్‌లో చూస్తుండగా వాడు ఐసు పిట్ట ముందు బొమ్మలా నిలబడ్డాడు, వాడి పక్కన నేనూ అలాగే నిలబడ్డాను. ఆ సైట్ ఇంజనీర్ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. షటిల్ అన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "కుక్కకు ట్రైనింగ్ నువ్విస్తున్నవా, నీకు ఆయన ఇస్తున్నడా?" అని మాత్రం అన్నాడు.

మే నెల వచ్చింది. కుక్కకు సూదులు, రక్తపరీక్షలు, మెడలో చిప్పు, న్యూజిలాండ్ అనుమతి, అన్నీ చకచకా అయిపోయాయి. నా పర్మనెంట్ రెసిడెన్స్ అప్లికేషన్‌కు కావలసిన కంపెనీ సంతకం మాత్రం ఏడాది నుంచీ "నెక్స్ట్ వీక్" దగ్గరే ఉంది. నన్ను కూడా తీసుకెళ్తారేమోనని చిన్న ఆశ ఉండేది. బంగళాకు వెళ్ళి అడిగితే, "నువ్వెందుకు? డాగ్ ఈజ్ రెడీ" అన్నారు. కనీసం మాటలైనా చెప్తానండీ, ఆగరా అంటేనే ఆగుతాడు అన్నాను. ఆయన మొహం చిట్లించి, "అక్కడ దొరల మధ్య నేను తెలుగులో అరవాలా?" అన్నారు.

వెళ్ళినాయన అనుకున్న దానికంటే ముందే తిరిగొచ్చారు. ఆఫీసుకు రాగానే నన్ను పిలిచి, "ట్రైనింగ్ వేస్ట్. డాగ్ స్పాయిల్డ్ మై నేమ్" అన్నారు. ఏం జరిగిందండీ అంటే, "నో స్టాండింగ్, నో లిజనింగ్, నథింగ్" అన్నారు. ప్రాజెక్ట్స్ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను గోదాములో గాస్కెట్లు సర్దే పనిలో వేశారు. అంకుల్‌కు తెలియకుండా ఆంటీ ఫోన్ చేసి, కుక్క తిండి సరిగా తినడం లేదు, ఒకసారి వచ్చిపో బాబూ అనేవారు. వెళ్ళేవాణ్ణి. వాడు ఏసీ గదిలోంచి పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద పడుకునేవాడు. నా చదువు నిజంగానే అంత పనికిమాలినదా అని వాడి మొహంలోకి చూస్తూ కూచునేవాణ్ణి. వాడి మొహంలో మళ్ళీ ఎప్పుడు గడ్డిలోకి పోదామన్న ప్రశ్న ఒక్కటే ఉండేది.

జూలైలో దొర మా ఆఫీసుకు వచ్చాడు. అంకుల్ హడావుడిగా మీటింగ్ గదిలో అందర్నీ కూచోబెట్టారు. వాల్వుల నమూనాలు పట్టుకుని నేనొక మూల నిలబడ్డాను. దొర వస్తూనే, "ముందు నాకు ఆ కుక్క సంగతి చెప్పండి. దాన్ని తయారు చేసిన మనిషి ఎవరు?" అన్నాడు. అంకుల్ దగ్గారు. దొర ఆగలేదు. నవ్వుతూ మా అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి కుక్క పాయింట్ చేసింది, అంత చక్కని పాయింట్ తాను ఏ లాబ్రడార్ దగ్గరా చూడలేదు. అంకుల్ కాల్చారు, పిట్ట వెళ్ళిపోయింది. రెండోసారి చేసింది, అదే వరస. మధ్యాహ్నం దాకా కుక్క చూపిస్తూనే ఉంది, ఈయన తప్పుతూనే ఉన్నారు. చివరికి కుక్క పాయింట్ చెయ్యడం మానేసి, ఆయన ఎదుట కూచుని, తల పక్కకు వంచి ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయిందట. "అప్పుడు మీ బాస్‌కు ఓర్పు పోయి ఒక మాట అరిచాడు. అంతవరకూ ఇంగ్లిష్‌లో ఏం చెప్పినా కదలని కుక్క, ఆ మాటకు మాత్రం టక్కున లేచి నిలబడింది. అదేదో మీ దేశంలో ఊరి పేరు. తాజ్ మహల్ ఉంటుంది కదా... ఆగ్రా! అవును, ఆగ్రా! ఆ రోజంతా మా కొండల్లో అందరం ఆగ్రా, ఆగ్రా అని అరుస్తూనే ఉన్నాం!"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది ఇద్దరికే, అంకుల్‌కూ నాకూ. న్యూజిలాండ్ గడ్డి కొండల మధ్య, తుపాకీలు పట్టిన దొరల నడుమ, మీసం అదురుతుండగా అంకుల్ గొంతు చించుకుని నా పల్నాటి యాసలో "ఒరేయ్ ఆగరా!" అని అరవడం నా కళ్ళకు కట్టింది. నోరు బిగబట్టాను. పెదవి కొరికాను. చేతిలో ఉన్న వాల్వును గట్టిగా పట్టుకున్నాను. ఏదీ పనిచెయ్యలేదు. నవ్వొచ్చేసింది. చిన్న నవ్వు కాదు, ఏడాది పాటు లోపల పేరుకున్నదంతా ఒక్కసారి బయటపడిన నవ్వు. వాల్వు చేతిలోంచి జారి బల్ల మీద పడింది. ఏమిటో తెలియకపోయినా దొర కూడా నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వాలి కాబట్టి ఆఫీసంతా నవ్వింది. అంకుల్ నవ్వలేదు. నన్నే చూస్తున్నారు.

సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. ఆ ఆఫీసులో ఆయన నాతో అచ్చమైన తెలుగులో అన్న మొదటి మాట అదే. దొరకు కాంట్రాక్టు పత్రాలతో పాటు, మీరు అంతగా ముచ్చటపడ్డారు కదా అని, కుక్కను బహుమతిగా ఇచ్చేశారు. కాంట్రాక్టు వచ్చింది. ఎటు చూసినా నష్టం లేని బేరం.

నా పర్మిట్ రద్దయింది, సామాను సర్దుకుంటున్నాను. ఆంటీ ఫోన్ చేశారు. "రేపు వాణ్ణి దొరగారి ఊరికి, న్యూజిలాండ్ విమానం ఎక్కించాలి బాబూ. పెట్టెలోకి ఎక్కటం లేదు. ఎవరు పట్టుకున్నా గోడకి అతుక్కుపోతున్నాడు. నిన్ను అడగటానికి నాకు మొహం లేదు." వెళ్ళాను. హాల్లో ఇనప తలుపున్న పెద్ద పెట్టె ఉంది. వాడు నన్ను చూడగానే గంతులేశాడు. నాకు ఉంచుకోవాలనే ఉంది, కానీ మేముండే ప్రభుత్వ ఫ్లాట్లలో లాబ్రడార్‌ను ఉంచుకోనివ్వరు. అసలు నన్నే ఉంచుకోనివ్వడం లేదు. మోకాళ్ళ మీద కూచుని పెట్టె తలుపు తీసి, "పదరా నాయనా" అన్నాను. ఒక్కసారి నా మొహం చూసి, పిట్టను వెతకడానికే పోతున్నాం అనుకున్నట్టు, తోక ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. గడియ పెట్టింది నేనే. ఆంటీ కాఫీ కలుపుతానన్నారు గానీ, నేను ఉండలేదు.

తర్వాత నరసరావుపేటలో కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, మళ్ళీ ఇంకో కంపెనీ తరఫున ఈ సింగపూరే వచ్చి, జురాంగ్ ఐలాండ్‌లోనే స్థిరపడ్డాను. అన్నీ ఆలస్యంగా అయ్యాయి, అయ్యాయి. ఆ ఏళ్ళన్నీ నా దగ్గర ఒక ప్రసంగం ఉండేది. అంకుల్ ఎప్పుడైనా ఎదురైతే ఆయనకు చెప్పాల్సిన మాటలు. స్నానం చేస్తూ, రైల్లో నిలబడి, మీటింగుల్లో విసుగేసినప్పుడు దాన్ని సానపెట్టుకునేవాణ్ణి. మొదట్లో ఏడుపుగొట్టుగా ఉండేది, క్రమంగా పదునెక్కింది. సగం ఇంగ్లిష్, సగం తెలుగు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చురక పెట్టాలో అన్నీ లెక్కగా ఉండేవి.

పోయిన ఉగాదికి తెలుగువాళ్ళ భోజనాల దగ్గర ఆయన కనబడ్డారు. మీసం తెల్లబడింది, చేతిలో కర్ర. పక్కన ఆంటీ. ఆవిడ నన్ను గుర్తుపట్టి దగ్గరికి పిలిచి, మెల్లగా, "వాడు ముసలితనంలో పోయాడట బాబూ. చివరిదాకా గడ్డిలోనే తిరిగాడని దొర ఫొటో పంపాడు" అన్నారు. నేను తల ఊపాను. అంకుల్ చుట్టూ యూనివర్సిటీ కుర్రాళ్ళు నలుగురు చేరారు. "ఫస్ట్ పాయింట్, ఢాం! వన్ బర్డ్ డౌన్. సెకండ్ పాయింట్, ఢాం!" అని ఆయన చెప్తున్నారు. ఒక కుర్రాడు నవ్వు దాచుకుంటూ, "నిజంగా అంకుల్? లాబ్రడార్‌తోనా?" అన్నాడు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంకుల్ గొంతు తడబడింది. అటూ ఇటూ చూశారు. నా మీద చూపు ఆగింది. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. "ఇదిగో, ఈ బాబు అప్పుడు మా కంపెనీలోనే ఉండేవాడు. అడగండి! చెప్పవయ్యా."

ఆయన నా మణికట్టు వదల్లేదు. కుర్రాళ్ళు నన్ను చూస్తున్నారు. నా వేలు పట్టుకుని మా అమ్మాయి చూస్తోంది. ఆంటీ చూడటం లేదు, విస్తరి వంక తల దించుకున్నారు. ప్రసంగం మొత్తం నా నాలుక చివరికి వచ్చి నిలబడింది.

"అవును" అన్నాను. "అంకుల్ గురి చూస్తే తప్పేది కాదు. కుక్కను కూడా ఆయనే తయారు చేశారు."

"సీ?" అన్నారాయన కుర్రాళ్ళతో. నా చెయ్యి వదిలేసి మూడో పిట్ట దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ నా వైపు చూడలేదు.

ఇంటికి పోయే రైల్లో మా అమ్మాయి, "నాన్నా, యూ నెవర్ టోల్డ్ మీ లా! దట్ అంకుల్ సో కూల్!" అంది. ఊఁ అన్నాను. కిటికీ వైపు తిరిగి, ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి మనసులో చదవడం మొదలుపెట్టాను. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ఎన్నాళ్ళనుంచో కుదరని ఒక వాక్యం కూడా ఇప్పుడు కుదిరింది. ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పాను. అద్దంలో నెరిసిన జుట్టు మనిషి ఒకడు, పెదవులు కదుపుతూ, తనకు తానే నవ్వుకుంటున్నాడు. అమ్మాయి నా చొక్కా లాగింది.

"నాన్నా, అవర్ స్టేషన్ గాన్ ఆల్రెడీ."

తర్వాతి స్టేషన్‌లో దిగి, వెనక్కి పోయే రైలు కోసం ఇద్దరం ఎదుటి వైపు నిలబడ్డాం.